మూడా, ఎనిమిదా: ఒక యుద్ధకాలపు మడత సైకిలు నంబరు డైరీ

మార్చి 8, శనివారం

మేముండే కవెంట్రీకి అరగంట దూరంలో ఏడాదికి రెండుసార్లు పాత బండ్ల విడిభాగాల సంత జరుగుతుంది. ఈ ఉదయం అక్కడ, తుప్పు పట్టిన మోటారు సైకిలు ట్యాంకుల పక్కన, తడి గడ్డి మీద పరిచిన టార్పాలిన్‌పై, రెండవ ప్రపంచ యుద్ధంలో బి.ఎస్.ఏ. కంపెనీ బ్రిటిష్ సైన్యానికి చేసి ఇచ్చిన మడత సైకిలు ఫ్రేము ఒకటి కనిపించింది. దాన్ని పోల్చుకోవడానికి దగ్గరకు వెళ్ళనక్కరలేదు. మామూలు సైకిలు ఫ్రేములో గొట్టాలన్నీ తిన్నగా వచ్చి త్రిభుజాలుగా అతుక్కుంటాయి. దీనిలో పై గొట్టము, కింది గొట్టము విల్లులా వంగి, హ్యాండిల్ దగ్గర నుంచి వెనుక చక్రం దాకా ఒక పొడవాటి కోడిగుడ్డు ఆకారం గీసినట్టుగా సాగుతాయి. సీటు గొట్టానికి కాస్త ముందు, పైన ఒకటి, కింద ఒకటి, రెండు మడత కీళ్ళుంటాయి. ఆ కీళ్ళను బిగించడానికి పానా అవసరం లేకుండా చేత్తో తిప్పే రెక్కల నట్లు ఉంటాయి. నా ఫ్రేముకు రెండు నట్లలో ఒకటే మిగిలింది.

ఫ్రేముతో పాటు ఫోర్కు, చైన్‌వీల్ (పెడళ్ళ దగ్గర గొలుసు తిరిగే పళ్ళ చక్రం), ఒక వెనుక చక్రం వచ్చాయి. హ్యాండిలు, సీటు, ముందు చక్రం లేవు. అమ్మిన పెద్దమనిషి పై గొట్టానికి ఒక అట్టముక్క కట్టి, దాని మీద "1944, నార్మండీ, పారాట్రూపర్" అని రాసి పెట్టాడు. ఆ సంవత్సరం ఎలా తెలిసిందని అడిగితే, తనకు అమ్మినవాడు చెప్పాడన్నాడు. ఫ్రేము నంబరు చూశారా అని అడిగితే, రంగు కింద ఎక్కడో ఉంటుందన్నాడు. అట్టముక్క మీది మూడు మాటల కోసం ఆయన అదనంగా అడిగిన సొమ్ము ఇవ్వకుండా, ఫ్రేముకు ఎంత విలువో అంతే ఇచ్చి తెచ్చుకున్నాను. ఆ అట్టముక్కను మాత్రం పారేయలేదు. ఈ డైరీ అంతా దానికి జవాబు వెతకడమే.

మార్చి 9, ఆదివారం

ఈ రోజు ఫ్రేమును ముట్టుకోకుండా చూడటానికే కేటాయించాను. పాత సైకిలు ఇంటికి రాగానే రంగు గీకడం మొదలుపెట్టినవాళ్ళు, ఆ రంగు చెప్పగలిగిన సాక్ష్యాన్ని కూడా గీకి చెత్తబుట్టలో వేస్తారు. అందుకని ముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, ప్రతి గీతను, ప్రతి సొట్టను నోటు పుస్తకంలో రాసుకున్నాను.

చైన్‌వీల్ మధ్యలో బి.ఎస్.ఏ. అక్షరాలు కోసి ఉన్నాయి. ఆ మూడక్షరాలకు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ అని అర్థం. 1861లో తుపాకులు చేసే కొందరు కలిసి పెట్టిన కంపెనీ అది. బర్మింగ్‌హామ్‌లోని స్మాల్ హీత్ పేటలో వారి ఫ్యాక్టరీ ఉండేది, దాని ముందు వీధి పేరే ఆర్మరీ రోడ్డు. వారి వ్యాపార చిహ్నం కూడా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులే. యుద్ధాలు లేని కాలంలో తుపాకుల ఆర్డర్లు తగ్గిపోతే సైకిలు భాగాలు చేసేవారు. ఆ భాగాలు కొలతలో తేడా రాకుండా ఉండేవి కాబట్టి ఇతర కంపెనీలు, ఊరూరా ఉన్న చిన్న సైకిలు కొట్లవాళ్ళు కూడా వాటిని కొని తమ ఫ్రేములకు బిగించుకునేవారు. కాబట్టి ఒక సైకిలుకు మూడు తుపాకుల చైన్‌వీల్ ఉన్నంత మాత్రాన అది బి.ఎస్.ఏ. సైకిలు కాదు, సైన్యం సైకిలు అంతకన్నా కాదు. తుపాకుల బొమ్మ చూసి సైన్యం సరుకని భ్రమపడి ఎక్కువ డబ్బు పోసినవారిని నేనే ఇద్దరిని చూశాను. చైన్‌వీల్ పది నిమిషాల్లో మారే వస్తువు. ఫ్రేము మీద కొట్టిన నంబరు ఒక్కటే ఆ ఫ్రేమును విడిచి పోలేదు.

నా విషయంలో ఫ్రేము ఆకారమే సందేహం తీర్చేసింది. ఈ వంపు గొట్టాల మడత ఫ్రేమును బి.ఎస్.ఏ. 1942 నుంచి 1945 వరకు చేసింది, మొత్తం 60,000కు పైగా తయారయ్యాయి. అంటే సైకిలు ఏ కంపెనీది, ఏ నమూనా అన్నది తేలిపోయింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ నాలుగేళ్ళలో ఏ ఏడాదిది?

మార్చి 15, శనివారం

ఈ రోజు నా తప్పు ఒకటి రాయాలి.

ఈ మడత సైకిళ్ళకు నంబరు సీటు గొట్టం పై కొస దగ్గర, సీటు బిగించే చోట ఉంటుంది. ముందు ఆర్ అక్షరం, ఆ తరువాత అంకెలు. నా ఫ్రేము మీద ఆ చోట నాలుగు పొరల రంగు ఉంది. అంచు దగ్గర సన్నని బ్లేడుతో వాలుగా చెక్కి చూస్తే, చెట్టు కాండంలో వలయాల్లా పొరలు బయటపడ్డాయి. అన్నిటికన్నా పైన తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు, దాని కింద నలుపు, దాని కింద ఎరుపు, ఆ ఎరుపు మీద అక్కడక్కడ బంగారు రంగు గీత, అన్నిటికన్నా అడుగున ఇనుముకు అంటుకొని, మెరుపు లేని ఖాకీ ఛాయ ఆకుపచ్చ. ఈ చివరిదే సైన్యం వేయించిన రంగు. ఎరుపు మీద బంగారు గీత గీసినవారెవరో యుద్ధం తరువాత దీన్ని మిగులు సరుకు కింద కొనుక్కొని ముచ్చటగా వాడుకున్న మామూలు మనిషి.

పొరలను చూసిన ఉత్సాహంలో పెయింట్ రిమూవర్ పూసి, అది పూర్తిగా మెత్తబడే వరకు ఆగకుండా, డ్రిల్లుకు తగిలించిన ఇనుప బ్రష్షుతో రెండు క్షణాలు రుద్దాను. కేవలం రెండు క్షణాలే. ఆర్ అక్షరం తళతళలాడుతూ బయటికి వచ్చింది, దాని పక్కన 2 కూడా వచ్చింది. ఆ తరువాతి అంకె దగ్గర బ్రష్షు ఆగిన చోట గాడి అంచులు కరిగినట్టయి, ఆ అంకె 3 అయినా కావచ్చు, 8 అయినా కావచ్చు అన్నట్టుగా మిగిలింది. ఎనభై ఏళ్ళు వాన, తుప్పు, నాలుగు పొరల రంగు చేయలేని పనిని నేను రెండు క్షణాల్లో చేశాను. బ్రష్షును పెట్టెలో పెట్టి మూత వేశాను. మిగతా అంకెల మీది రంగును మెత్తబడనిచ్చి, వెదురు పుల్లతో, ఆ తరువాత పాత టూత్‌బ్రష్షుతో తీశాను. ఆ మూడు అంకెలు చెక్కుచెదరకుండా వచ్చాయి: 136.

ఆర్, 2, ఏదో ఒకటి, 1, 3, 6.

మార్చి 16, ఆదివారం

తెనాలిలో మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళకు పైగా అద్దె సైకిళ్ళ కొట్టు నడిపారు. వీడియో కాల్‌లో ఫ్రేము చూపించి, జరిగింది చెప్పాను. ఆయన ముందుగా నన్ను తిట్టారు. ఆ తరువాత, "ఏరా, కంటితో చదవమని నీకెవరు చెప్పారు? కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు. మేమందరం అలాగే చదివేవాళ్ళం," అన్నారు.

సైకిలు నంబరు అనేది మా కొట్లో ఎంత పెద్ద విషయమో ఆయన మాట విన్న తరువాతే గుర్తుకొచ్చింది. కొత్త సైకిలు బిల్లు మీద ఫ్రేము నంబరు తప్పకుండా రాసేవారు. అద్దెకిచ్చే సైకిళ్ళన్నిటి నంబర్లు ఒక పొడుగు పుస్తకంలో వరుసగా ఉండేవి. సైకిలు పోయిందని పోలీసు స్టేషనుకు వెళితే అక్కడ అడిగే మొదటి మాట నంబరెంత అన్నదే. మునిసిపాలిటీ ఏటా ఇచ్చే లైసెన్సు బిళ్ళ పోయినా, మారిపోయినా, ఫ్రేము మీద కొట్టిన అంకెలు సైకిలును పట్టిచ్చేవి. దొంగలకు కూడా ఈ సంగతి తెలుసు కనుక, ఆకురాయి పెట్టి నంబరు అరగదీసిన సైకిళ్ళు ఏడాదికి ఒకటో రెండో మా కొట్టుకు బేరానికి వచ్చేవి. నాన్నగారు అలాంటివాటిని చేత్తో కూడా తాకేవారు కాదు. వేలి కొసతో తడిమితే చదును చేసిన చోటు తెలిసిపోతుందని, గొట్టం గుండ్రంగా ఉండాల్సిన చోట పలకలా తగులుతుందని ఆయన అంటారు. ఈ పరీక్ష నా ఫ్రేము మీద ఈ రాత్రే చేశాను. గుండ్రం చెడలేదు. అంటే నా బ్రష్షు పై అంచులను నున్నగా చేసిందే తప్ప, ఎవరూ పాత నంబరును అరగదీసి కొత్తది కొట్టలేదు.

మార్చి 22, శనివారం

నంబరు చదవడానికి ఈ రోజు నాలుగు గంటలు పట్టింది.

మొదట గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని గొట్టానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుతురు పడేటట్లు పట్టుకున్నాను. ఎదురుగా వెలుతురు వేస్తే గాడి కనిపించదు. పక్క నుంచి వేస్తే గాడి ఒక అంచు మెరిసి, రెండో అంచు నీడలో ఉండిపోతుంది. టార్చిని గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ, కెమెరాను కదపకుండా, పన్నెండు ఫొటోలు తీశాను. ఆ తరువాత గాడుల్లోకి సుద్దపొడి రుద్ది పైది తుడిచేసి, మళ్ళీ తీశాను. చివరికి నాన్నగారు చెప్పినట్టు ట్రేసింగ్ పేపరు పెట్టి, మెత్తని పెన్సిలును వాలుగా పట్టుకొని రుద్దాను. ఆయన మాటే నిజమైంది. ఫొటోల్లో కనిపించని తేడాలు కాగితం మీదికి వచ్చాయి.

ఇక్కడ ఈ అంకెలను ఎలా కొట్టేవారో కొంచెం చెప్పాలి. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క ఉక్కు పంచ్ ఉంటుంది. పనివాడు దాన్ని ఫ్రేము మీద నిలబెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తాడు. అందుచేత చేత్తో కొట్టిన నంబరులో అంకెలు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త వాలుతుంది, ఒకటి లోతుగా దిగుతుంది. గుండ్రటి గొట్టం మీద కొట్టినప్పుడు అంకె మధ్య భాగం లోతుగా పడి, పైనా కిందా అంచులు తేలిపోతాయి. 3ని, 8ని వేరు చేసేది ఎడమ వైపు గీత. ఆ గీత తేలికగా పడితే 8 చూడటానికి 3 అవుతుంది, పక్కన తుప్పు గుంట ఏర్పడితే 3 చూడటానికి 8 అవుతుంది. 1కి, 7కి మధ్య ఇదే తంటా ఉంది. 6, 9 సంగతి ఇంకా విచిత్రం, చాలా పంచ్ సెట్లలో ఈ రెండింటికీ ఒకటే పంచ్ ఉంటుంది, తిప్పి పట్టుకుంటే ఒకటి, మామూలుగా పట్టుకుంటే రెండోది. అందువల్ల ఒక నంబరులో 6 గానీ 9 గానీ ఉంటే, మిగతా అంకెలు ఎటు నిలబడి ఉన్నాయో చూసిన తరువాతే దాన్ని చదవాలి. నా నంబరులో ఆర్ అక్షరం ఎటు నిలబడిందో స్పష్టంగా ఉంది కాబట్టి చివరి అంకె 6 అనడంలో అనుమానం లేదు.

సందేహం ఉన్న అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కాగితం మీద దాని ఎడమ వైపు మసక మసకగా ఒక చుక్కల వరుస కనిపిస్తున్నది. అది 8 ఎడమ గీతకు మిగిలిన ఆనవాలో, తుప్పు తిన్న గుంటలో అర్థం కాలేదు. రాత్రి పదకొండు గంటల వేళ, ఇక ఆపేద్దామనుకుంటూ, ఒక అంకె అవతల ఉన్న నిస్సందేహమైన 3ను భూతద్దం కింద పెట్టి చూశాను. దాని కింది కొక్కెం చివర, తోక ముగిసే చోట, గీత ఒకేసారి తెగిపోకుండా సూదిమొనంత చిన్న ముక్కుగా బయటికి పొడుచుకొని వచ్చింది. పంచ్ అంచు ఎప్పుడో పగిలి ఉంటుంది, దాని ప్రతి దెబ్బకూ ఆ పగులు కూడా అచ్చుపడుతుంది. వెంటనే సందేహం ఉన్న అంకె దగ్గరికి వెళ్ళాను. తోక దగ్గర, అదే ఎత్తులో, అదే వాలులో, అదే ముక్కు ఉంది. నా ఇనుప బ్రష్షు దాన్ని తాకలేదు. రెండు అంకెలూ ఒకే పంచ్‌తో కొట్టినవి. ఆ పంచ్ 3ది.

ఆర్ 23136.

అవతల తెల్లవారుజామున నాలుగున్నర అయినా నాన్నగారికి రుద్దిన కాగితం ఫొటో పంపించాను. ఆయన మేలుకొనే ఉన్నారు. "ముక్కు ఉంది," అని ఒక్క మాట రాశారు.

ఏప్రిల్ 5, శనివారం

నంబరు దొరికింది కాబట్టి తేదీ కూడా దొరికినట్టే అనుకుంటారు చాలామంది. నంబరు తేదీ కాదు. అది వరుసలో ఒక స్థానం మాత్రమే. ఆ స్థానాన్ని సంవత్సరంగా మార్చాలంటే వరుస ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, మధ్యలో ఎంత వేగంతో నడిచింది అన్న మూడూ తెలియాలి.

నా చేతిలో ఉన్న లెక్క ఇది. తయారీ 1942లో మొదలై 1945లో ఆగింది, మొత్తం 60,000కు పైచిలుకు. ఆర్ వరుస ఒకటి నుంచి ఎడతెగకుండా, 1942 మధ్య నుంచి 1945 మధ్య దాకా మూడేళ్ళు సాగిందన్న ఊహ మీద, ఏడాదికి సగటున 20,000 చొప్పున పంచితే, 23,136వ ఫ్రేము తయారీ మొదలైన ఏడాది దాటిన తరువాత రెండు నెలలకు వస్తుంది. అంటే 1943. ఒకవేళ అది 28,136 అయితే మరో మూడు నెలలు ముందుకు జరుగుతుంది, అయినా 1943 దాటదు. ఒక అంకె కోసం ఒక రాత్రంతా భూతద్దం పట్టుకొని కూర్చున్నాను గాని, దానివల్ల సంవత్సరం మారలేదు. ఈ సంగతి తెలిసిన తరువాత కొంచెం నవ్వు వచ్చింది. అయినా నంబరు తప్పుగా రాసి పెడితే, రేపు ఎవరైనా తమ ఫ్రేముతో దీన్ని పోల్చినప్పుడు వారి లెక్క కూడా తప్పుతుంది, కాబట్టి ఆ రాత్రి వృథా అనుకోవడం లేదు.

సగటు లెక్కను గట్టిదని చెప్పుకోను. ఫ్యాక్టరీలో పని ఏ నెలా ఒకే తీరుగా సాగదు. యుద్ధకాలంలో అయితే ఇంకా సాగదు. 1940 నవంబరు 19 రాత్రి జర్మన్ విమానాలు స్మాల్ హీత్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేసినప్పుడు 53 మంది పనివారు చనిపోయారు. ఈ మడత సైకిళ్ళ తయారీ అంతా ఆ దెబ్బ తిన్న తరువాతి కాలంలో, తుపాకులు, మెషిన్‌గన్లు, 1,26,000 దాకా ఎం 20 మోటారు సైకిళ్ళు చేస్తున్న కంపెనీలో జరిగింది. ఏ వారం ఏ పనికి ఉక్కు దొరికిందో, ఏ పనికి మనుషులు దొరికారో దాన్ని బట్టి సైకిళ్ళ సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉండి ఉంటుంది. అందుకని నేను పుస్తకంలో "1943" అని రాయలేదు, "1943 ప్రాంతం" అని రాశాను. ఒక్క మాట అదనం, కానీ నిజానికి దగ్గరగా ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

సైన్యం గుర్తు కోసం వెతికాను. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి బాణం ములుకు గుర్తు కొట్టడం శతాబ్దాల నాటి అలవాటు. మూడు గీతలు ఒక చోట కలిసే కాకికాలు లాంటి గుర్తు అది. దీనికి చిన్న చిన్న మార్పులు చేస్తే దేశం తెలిసిపోతుంది. సి అక్షరం లోపల బాణం ఉంటే కెనడా సైన్యం సరుకు, రెండు డి అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియాది, యు అక్షరం లోపల ఉంటే దక్షిణాఫ్రికాది. ఇంకొకటి కూడా ఉంది, రెండు బాణాలు ఎదురెదురుగా, మొనలు తగిలేటట్లు కొట్టి ఉంటే ఆ వస్తువును ప్రభుత్వం అధికారికంగా అమ్మేసిందని అర్థం. సైన్యం వస్తువుకు పుట్టుకతో పాటు విడుదల పత్రం కూడా ఉక్కు మీదే రాసేవారన్న మాట.

నా ఫ్రేము మీద బీబీ షెల్, అంటే పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం, అడుగున రెండు గీతలు కలిసిన గుర్తు కనిపించింది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. తడిగుడ్డతో తుడిచి, పక్క వెలుతురులో పెట్టి, కాగితం రుద్ది చూస్తే మూడో గీత ఎక్కడా లేదు. పైగా ఒక గీత అంచు పదునుగా, లోపల తళుక్కుమంటూ ఉంది, అడుగు ఆకుపచ్చ రంగు దాని లోపల లేదు. అంటే రంగు వేసిన తరువాత ఎప్పుడో, బహుశా గట్టు మీద కొట్టుకొని, పడిన గాటు అది. ఈ పరీక్ష కొనేవారందరికీ పనికొస్తుంది. ఫ్యాక్టరీలో కొట్టిన గుర్తు రంగుకు ముందే పడుతుంది, కాబట్టి గాడి అడుగున రంగు ఉండాలి. రంగును చీల్చుకొని పడిన బాణం ఉంటే, దాన్ని కొట్టినవాడు ఫ్యాక్టరీ పనివాడు కాదు, అమ్మకానికి బేరం పెంచుకుంటున్నవాడు. నాది మోసం కాదు, గాటు మాత్రమే. పుస్తకంలో "బాణం గుర్తు లేదు" అని రాశాను. ఈ ఆకారం ఫ్రేముకు ఆ గుర్తు లేకపోవడం పెద్ద లోపం కాదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్ సెలవు. వెనుక చక్రాన్ని పరీక్షించాను. అమ్మినాయన ఫ్రేము, చక్రం కలిసే వచ్చాయని చెప్పాడు. చక్రం నడిమి హబ్బు మీది తుప్పును నూనె గుడ్డతో తుడిస్తే స్టర్మీ ఆర్చర్ పేరు, ఏడబ్ల్యూ అన్న నమూనా గుర్తు, దాని పక్కన 51, దాని కింద 8 కనిపించాయి. నాటింగ్‌హామ్‌లో తయారైన ఈ మూడు గేర్ల హబ్బులకు సైకిలు ప్రియులందరూ రుణపడి ఉన్నారు. ఫ్రేము నంబర్ల లాగా వరుసలు లెక్కపెట్టుకోనక్కరలేకుండా, సంవత్సరం చివరి రెండు అంకెలను, నెలను నేరుగా హబ్బు మీదే కొట్టేవారు. నా హబ్బు 1951 ఆగస్టుది.

అంటే ఈ చక్రం యుద్ధాన్ని చూడలేదు. సైన్యం అమ్మేసిన ఫ్రేముకు, ఎరుపు రంగు వేసి బంగారు గీత గీసిన ఆ మనిషో, అతని తరువాతివాడో, కొండ ఎక్కడానికి వీలుగా గేర్ల చక్రం బిగించుకున్నాడు. ఫ్రేము మీది తేదీకి భాగాల మీది తేదీ ఎప్పుడూ పైహద్దు కాదు, ఒక సాక్షి మాత్రమే. భాగాలన్నీ 1943కు ముందువో, ఆ కాలానివో అయితే నా లెక్కకు బలం. ఒక భాగం ఎనిమిదేళ్ళ తరువాతిది అయితే ఆ భాగం తరువాత వచ్చిందని తెలుస్తుంది, ఫ్రేము తేదీ మారదు. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకొని, హబ్బు మీది తేదీతో సైకిలు వయసు చెప్పేవారు ఈ రంగంలో చాలామంది ఉన్నారు.

ఆ చక్రాన్ని మాత్రం తీసేయబోవడం లేదు. 26 అంగుళాల రిమ్ము, 1⅜ టైరు, ఫ్రేములో సరిగ్గా కూర్చుంటున్నాయి. నాన్నగారికి కొలత చెబితే, "మన దగ్గర ఆ సైజు ఆడపిల్లల సైకిళ్ళకి వస్తుంది కదరా," అన్నారు.

ఏప్రిల్ 26, శనివారం

బీబీ కప్పులు, అంటే పెడళ్ళ ఇరుసును రెండు వైపులా పట్టి ఉంచే మర మూతలు, విప్పాను. కుడివైపు కప్పు మరలు ఎడమ చేతివి, అంటే మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఈ సంగతి తెలియక పానా విరగ్గొట్టుకున్నవారి కథలు మా కొట్లో చాలా విన్నాను కాబట్టి ఆ తప్పు చేయలేదు. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. ఈ కొలతను సైకిలు కొట్లవాళ్ళు ఈనాటికీ బి.ఎస్.ఏ. త్రెడ్ అనే పిలుస్తారు. కంపెనీ తన సైకిళ్ళ విభాగాన్ని 1957లో రాలీ అనే మరో సైకిలు కంపెనీకి అమ్మేసింది, మూడు తుపాకుల ఫ్యాక్టరీ మూతపడింది, కొలత మాత్రం మిగిలింది. నిన్న ఇక్కడి కొట్లో కొన్న కొత్త కప్పు ఎనభై ఏళ్ళ నాటి షెల్‌లోకి చేత్తోనే తిరుగుతూ వెళ్ళింది. పెడళ్ళ కడ్డీలను ఇరుసుకు బిగించే కాటర్‌పిన్నులు మాత్రం ఏడిపించాయి. ఒకటి వంగిపోయింది, మరొకటి తెచ్చుకోవాలి.

మే 10, శనివారం

చివరగా ఆ అట్టముక్క సంగతి.

"నార్మండీ" అన్న మాటకు ఆధారం ఏముందని ఆలోచిస్తే, జనం మనసులో ఉన్న ఒక ఫొటోనే కారణమనిపిస్తుంది. 1944 జూన్ 6న బెర్నియేర్ దగ్గర జూనో తీరంలో సైనికులు ఈ మడత సైకిళ్ళను భుజాన వేసుకొని పడవల్లోంచి దిగుతున్న ఫొటోలు ఎన్నో పుస్తకాల్లో వచ్చాయి. ఆ ఫొటోల్లో ఉన్నవారు ఆకాశం నుంచి దూకిన పారాట్రూపర్లు కాదు, కెనడా తొమ్మిదవ ఇన్‌ఫాంట్రీ బ్రిగేడ్ కాలిబలం, సముద్రం మీదుగా వచ్చినవారు. సైకిలు మొదట ఉద్దేశించింది మాత్రం పారాట్రూపర్ల కోసమే. దాన్ని మడిచి, తలకిందులుగా పారాచూట్‌కు కట్టి వదిలితే హ్యాండిలు, సీటు ముందుగా నేలను తాకి, వంగితే పనికిరాకుండా పోయే చక్రాలు పైన క్షేమంగా ఉండేవి. పెడళ్ళు కూడా మామూలువి కాదు, ఇనుప కడ్డీలను లోపలికి తోసేస్తే దూకేవాడికి అడ్డు రావు. కాని గ్లైడర్లలో జీపులే దిగడం మొదలైన తరువాత ఆకాశ దళాలకు సైకిలు అవసరం తగ్గిపోయింది. కాబట్టి "పారాట్రూపర్" అన్న మాట ఈ సైకిలు రూపకల్పన గురించి నిజం, ఈ సైకిలు జీవితం గురించి కాదు.

1943 ప్రాంతంలో తయారైన ఫ్రేము 1944లో నార్మండీకి వెళ్ళి ఉండవచ్చు. ఎటూ వెళ్ళకుండా ఏదో ఒక గిడ్డంగిలో ఉండిపోయి ఉండవచ్చు. అది చెప్పే శక్తి నంబరుకు లేదు. తయారైన కాలాన్ని నంబరు చెబుతుంది, ఎక్కడ తిరిగిందో చెప్పాలంటే ఆ తిరుగుడుకు వేరే రుజువు ఉండాలి. రంగు పొరల్లో గానీ, ఫ్రేము మీద గానీ యూనిట్ గుర్తు ఏదీ దొరకలేదు. ఎరుపు రంగు, బంగారు గీత, 1951 హబ్బు, ఇవి మాత్రం ఈ సైకిలు తన ఎక్కువ జీవితాన్ని ఇంగ్లండు వీధుల్లో, సైన్యంతో సంబంధం లేకుండా గడిపిందని గట్టిగానే చెబుతున్నాయి.

అడుగు రంగు బయటపడే వరకే పై రంగులు తీసి, పైన కొత్త రంగు వేయకుండా, మైనం పట్టించి వదిలేశాను. పై గొట్టం మీద ఒక చోట నాలుగు పొరలూ కనిపించేటట్టు వాలుగా చెక్కి ఉంచాను. సంత నుంచి వచ్చిన అట్టముక్కను ఫ్రేము నుంచి విప్పి నోటు పుస్తకంలో అంటించాను. దాని స్థానంలో కట్టడానికి కొత్త అట్ట కావాలంటే, నాన్నగారు తన కొట్టు పాత బిల్లు పుస్తకంలోంచి ఒక ఖాళీ బిల్లు స్కాన్ చేసి పంపారు. ఆయన వరుసలోనే నింపాను.

తయారీ: బి.ఎస్.ఏ., బర్మింగ్‌హామ్. రకం: మడత, 26 అంగుళాలు. ఫ్రేము నంబరు: ఆర్ 23136. సంవత్సరం: 1943 ప్రాంతం. వెనుక చక్రం: 1951 ఆగస్టు, తరువాత బిగించినది. బాకీ: ఒక రెక్కల నట్టు, ఒక కాటర్‌పిన్ను, ముందు చక్రం, హ్యాండిలు, సీటు.